మేస్త్రి వంతు మజ్జిగ

"జీపు పన్నెండున్నరకి కదుల్తాది తిమ్మరాయప్పా. దాంట్లో ఓబక్క కోర్టుకు పోతాది. నువ్వు యాడికి పోతావో నీ ఇష్టం," అన్నాడు ఎస్సై ఈరయ్య.

గోడ గడియారం చూశాను. తొమ్మిదీ నలభై. పావగడలో పావుగంట అంటే ముప్పావుగంట అని లోకానికంతా తెలుసు. కానీ ఈరయ్య మాత్రం పన్నెండున్నర అంటే పన్నెండున్నరే. అంటే నాకున్నది రెండు గంటల యాభై నిమిషాలు.

"ఎస్సైగారూ, మీ హోదాలోనే రెండు ఒప్పుకోళ్లు ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు ఎస్, ఒకటి తెలుగు సై. రెండిట్లో ఒక్కటి నాకివ్వండి. షెడ్డు తాళంచెవి ఇప్పించండి."

"నో," అన్నాడు ఈరయ్య.

ఊచల వెనక ఓబక్క గోడకు చేరగిలబడి కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. శెనక్కాయలు వలిచీ వలిచీ కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. నిన్న సాయంత్రం పట్టుకొచ్చినప్పటి నుంచీ ఒక్క మాట లేదు. లాకప్పులో ఇచ్చిన కప్పు కాఫీ కూడా అట్లాగే చల్లారిపోయింది. నన్ను హిందూపురం నుంచి మొదటి బస్సుకే పట్టుకొచ్చిన ఆమె అక్క రంగక్క, ఊచలు పట్టుకుని "నోరు తెరువే" అని ఏడుస్తోంది. చెల్లెలు నేల వైపే చూస్తోంది.

నా డిటెక్టివ్ నోటు పుస్తకంలో కేసు ఇంతే.

కోదండరామ్ శెట్టి విత్తనాల షెడ్డు. మూడేళ్ల కరువు తర్వాత జూన్‌లో ఒక మంచి వాన పడింది. తాలూకా అంతా ఒకేసారి విత్తనం కోసం ఎగబడింది. మిషన్‌లో వేస్తే గింజ చీలిపోతుంది కాబట్టి విత్తనానికి చేత్తోనే వలవాలి. లోపల పదిమంది ఆడవాళ్లు, వాళ్ల మీద మేస్త్రి చిన్నరంగప్ప. మొన్న సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అందరూ ఒకే కుండలోని మజ్జిగ తాగారు. మూడింటికి మేస్త్రి గోడకానుకుని నిద్రపోయాడు. నాలుగున్నరకు లేపితే లేవలేదు. అయిదుంబావుకు ఈరయ్య జీపు వచ్చింది. ఆస్పత్రి గేటు కనబడేలోపే ప్రాణం పోయింది.

ఈరోజు శనివారం.

"నా కేసు చెప్తా, విను," ఈరయ్య వేళ్లు మడిచాడు. "ఒకటి, జీపులో ఊపిరున్నప్పుడే నా బొటనవేలితో ఆయప్ప కంటిరెప్ప లేపి చూసినా. పాప ఆవగింజంత ఉండె. ఈ తాలూకాలో పదకొండేండ్లుగా ఎన్ని చూసినా! ఆవగింజ పాప అంటే మందు. రెండు, కుండలో మజ్జిగ పదిమంది తాగినారు, ఒక్కరికీ ఏమీ కాలే. అంటే మందు కుండలో లేదు, మేస్త్రి లోటాలో ఉండాది. మూడు, ఆ లోటా కడిగి బోర్లించింది ఓబక్క. నాలుగు, ఆదివారం మేస్త్రి ఈమెను అందరి ముందర నోరు తెరిపించి, ఇత్తనాలు తిన్నావని తిట్టినాడు. 'నీ నోట్లో మన్ను పడ' అని ఈమె శాపం పెట్టింది. అయిదు, ఈమింట్లో మందు డబ్బా దొరికింది."

"మందు డబ్బా లేని ఇల్లు పావగడ తాలూకాలో చూపించండి, నేను మీసం తీసేస్తా. మా వైపు మందుకు అర్థాలు ఎక్కువ సార్. డాక్టరిచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, బ్రాందీ షాపులో దొరికేదీ మందే. చిన్నరంగప్ప కడుపులోకి వెళ్లింది ఏ మందో బెంగళూరు రిపోర్టు చెప్పిందా?"

"రిపోర్టు వచ్చేలోపు ఇప్పుడేసిన ఇత్తనం కాయలు కాస్తాది. అంతవరకూ హంతకురాలికి ఈడ అన్నం పెట్టాల్నా?" చేతిలోని కాగితం ఊపాడు. "దీని మీద జడ్జి సంతకం పడితే ఇంక ఉరో, జీవితాంతమో."

రంగక్క ఆ మాటకు నేల మీద కూలబడింది. ఈరయ్య తాళంచెవి బల్ల మీద పడేశాడు.

"మహజరు, పంచనామా అంతా అయిపోయింది. పోయి చూసుకో. కొల్లప్ప వస్తాడు నీ ఎంబడి. ఏమీ ఎత్తుకుపోకుండా."

పదీ పదికి నేనూ రంగక్కా షెడ్డు దగ్గరున్నాం. గోడలు రాయి, కప్పు రేకు, తలుపు ఇనుము. కిటికీ ఒకటే, ఊచలు రెండు వేళ్లు పట్టేంత సందులో. కానిస్టేబుల్ కొల్లప్ప సీలు తీసి మమ్మల్ని లోపలికి పంపాడు. వెనక నుంచి ధడేలున తలుపు పడింది. గొళ్లెం బయట పడ్డ చప్పుడు వినబడింది.

"కొల్లప్పా! తలుపెందుకు మూసినావు?"

"సాక్ష్యం బయటికి పోకుండా సార్. టీ తాగి వస్తా."

లోపల వేడి అప్పుడే కమ్ముకుంది. వలిచి పడేసిన కాయల బొప్పి మోకాలెత్తు, దుమ్ము ముక్కులోకి. రంగక్క మాత్రం నదురూ బెదురూ లేకుండా తన చోట తాను కూర్చుంది. ఆమెకిది రోజూ ఉండేదే.

"ఈ తలుపు రోజూ బయటినుంచేనా రంగక్కా?"

"ఇత్తనాలు గదప్పా. బయటికి పోతాయని."

"పోయేవి ఎవరు, ఇత్తనాలా, మీరా?"

"రెండూనూ."

గింజలు వలిచేవాళ్లు లోపల ఎంత గింజుకున్నా ఆ తలుపు తెరుచుకోదు. నేను తిరిగి చూడటం మొదలుపెట్టాను. మేస్త్రి కూర్చునే చోట ఈతచాప అట్లాగే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. చెమట, బీడీ, శెనక్కాయ మట్టి. పురుగుమందు వాసన లేదు. అది వారం కడిగినా పోయే రకం కాదు. చాప మీద నురగ మరక లేదు, చొంగ చార లేదు. దిండుగా చుట్టుకున్న తువ్వాలు మడత మడతగా పొడిగా ఉంది.

రంగక్కను అడగడానికి నోరు తెరిచేసరికి నా కడుపులో ఏదో కదిలింది. హిందూపురంలో తిన్న పొద్దుటి పూరీలు నా అనుమతి లేకుండా ప్రయాణం మొదలుపెట్టాయి. తలుపు దగ్గరకు పోయి కొట్టాను. "కొల్లప్పా!" జవాబు లేదు. కిటికీలోంచి అరిచాను. దూరంగా ఒక కుక్క తిరిగి చూసింది.

రంగక్క అంత దుఃఖంలోనూ నవ్వాపుకుంది. "మాకూ ఇదే గతి సామీ. పచ్చి ఇత్తనాలు నములుతాం, ఆ బోరు నీళ్లు తాగుతాం. అందరికీ కడుపు జారేదే. మేస్త్రికి చెప్తే ఆయప్ప కిటికీలో అరుస్తాడు, శెట్టి మనిషి వచ్చి తీస్తాడు. దినానికి ముప్పై నలభై సార్లు. పని నిలిచిపోతాదని శెట్టి కారాలూ మిరియాలూ నూరతా ఉండె."

విరామం లేని విరేచనాలు, విరామం ఇవ్వని యజమాని. నవ్వబోయి ఆగాను. కిటికీ ఊచ పట్టుకున్న నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"సోమవారం ఎన్నిసార్లు తీసినారు ఈ తలుపు?"

ఆమె వేళ్ల మీద ఏదో చూసుకుంది. "సోమవారం... తీయలే."

"ఒక్కసారి కూడా?"

"ఎవురికీ రాలే. దానికి ముందు వారమంతా తక్కువే ఉండె. సోమవారం అసలే లే. కడుపు రాయి మాదిరి ఉండె."

"పదిమందికీ? ఏడింటి నుంచి సాయంత్రం దాకా?"

"అవునప్పా. ఇంకోటి. ఆ పొద్దు మజ్జిగ తాగినాక అందరికీ నోరెండిపాయె. నాలిక అంగిట్లో అతుక్కునె. ఒక ఇత్తనం నోట్లో వేసుకుంటే పిండి పిండిగా అట్లే ఉండాది, మింగేదానికి ఉమ్మి ఊర్లే. కండ్లు గూడా మసక. మేస్త్రి మా నోర్లు చూసినాడు. రోజూ చూస్తాడు గదా. ఈ పొద్దు దొంగలే లేరే అని నవ్వినాడు. అదే ఆయప్ప కడపటి నవ్వు."

"మేస్త్రికి నోరెండలేదా?"

"ఏమో. ఆయప్ప వారం దినాలుగా మజ్జిగ తాగి తూగుతా ఉండె. ముందెప్పుడూ రెప్ప వాల్చేవాడు గాదు. మేం గిల్లుకుని నవ్వుకుంటిమి, రెండు గింజలు ఎక్కువ తినొచ్చని."

పదిమందికి నోరెండింది, నిద్ర రాలేదు. ఒక్కడికి నిద్ర వచ్చింది, లేవలేదు. తాగింది ఒకే కుండ.

"మజ్జిగ ఎట్లా పోస్తారు? చూసినట్టు చెప్పు."

"పదికి ఓబక్క శెట్టింట్లో చిలికి కుండలో తెస్తాది. ఆ మూలన పెడతాం, సల్లగుంటాదని. ఒంటిగంటకు పైపైన ముంచి మాకందరికీ పోస్తాది. ఉప్పు, అల్లం, పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ ముక్కలు అన్నీ అడుక్కి దిగుంటాయి గదా, ఆ మడ్డి మేస్త్రికి. మేస్త్రి వంతు అంటాం. ఎవురూ ముట్టరు. కుండలో గరిటె పెట్టి కలిపితే కొట్టేదానికొస్తాడు, కమ్మదనమంతా మీకే పోతాదా అని."

పదినుంచి ఒంటిగంట. మూడు గంటలు కుండ కదలదు.

కుండ మూలనే ఉంది. లోటాలు ఓబక్క సాయంత్రమే కడుగుతుంది, కుండ మాత్రం మర్నాడు శెట్టింటికి తీసుకెళ్లి తోముతుంది. ఆ మర్నాటికి షెడ్డుకు సీలు పడిపోయింది. ఇన్నేళ్ల వృత్తిలో నేర్చుకున్నది ఒకటే: అడుగు అడగకుండా అడుగు కదపకూడదు. కుండను వెలుతురుకు వంచాను. పక్కలకు మజ్జిగ ఎండి పసుపుపచ్చని పొరలుగా లేచింది. అడుగున మాత్రం వేరే తెలుపు, సుద్దముక్క తెలుపు, చాకుమొనతో గీరితే పొడిపొడిగా రాలుతోంది. ఒక కరివేపాకు కింద ఏదో అతుక్కుని ఉంది. గోటితో లేపాను. సరిగ్గా నలగని మాత్ర ముక్క. దాని మీద సగం గీత.

డిటెక్టివ్ పనికి ముందు పదేళ్లు మందుల కంపెనీ బ్యాగు భుజాన వేసుకుని ఇదే రూట్లో తిరిగాను. ఆ గీత నాకు తెలుసు. అయినా నా నోటితో చెప్తే ఈరయ్య నమ్మడు. అమ్మినవాడి నోటితో చెప్పించాలి.

"కొల్లప్పా!"

పదీ యాభై అయిదు. నేనూ రంగక్కా ఇనుప తలుపును వంతులేసుకుని కొట్టాం. పదకొండు. నా కడుపు ఒకవైపు, గడియారం ఒకవైపు. పదకొండూ పది. రేకుల వేడికి చొక్కా ఒంటికి అతుక్కుంది. ఆధారం చేతిలో ఉంది, చెయ్యి గదిలో ఉంది, గది తాళం టీకొట్లో ఉంది. ఇట్లా రోజుకు పన్నెండు గంటలు ఈ ఆడవాళ్లు ఎట్లా ఉన్నారా అని మొదటిసారి అనిపించింది. పదకొండూ పదిహేనుకు గొళ్లెం తీసిన చప్పుడైంది.

"ఏం సార్, కొడతా ఉండారా?" అన్నాడు కొల్లప్ప, పళ్లు కుట్టుకుంటూ.

వాడికి జవాబు చెప్పే తీరిక నాకు లేదు. వెంటనే రాళ్ల చాటుకు పరుగెత్తాను.

పదకొండున్నరకు బజార్లో సదానంద మెడికల్ షాపు. సదానంద నా పాత కస్టమరు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, నోటినిండా వక్క. కౌంటరు మీద కాగితం పరిచి మాత్ర ముక్క పెట్టాను. వక్క నమలడం ఆగింది.

"ఇందులో ఏముంటాది సదానందా?"

"నీకు తెలీదా తిమ్మరాయా?"

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో తెలియాలి."

"ఉండేవి రెండు. డైఫెనాక్సిలేట్, అట్రోపిన్. నీళ్ల విరేచనాలకు డాక్టర్లు రాస్తారు."

"మొదటిది ఏం చేస్తుంది?"

"పేగుల కదలిక ఆపుతాది. నల్లమందుకు చుట్టం. సొంత చుట్టమే."

"రెండోది ఎందుకు?"

"కాపలాకి. చుట్టం గదా అని ఎవుడైనా మత్తుకోసం గుప్పెడు మింగితే, నోరెండి, కండ్లు మసకలై, గుండె దడదడలాడి, మళ్లీ దాని జోలికి పోకూడదని. పిసరంత కలుపుతారు."

"కాపలావాడు నీళ్లలో కరుగుతాడా?"

"ఇట్టే."

"చుట్టం?"

"వాడు కరగడు. అడుక్కి..." సదానంద నోరు అక్కడే ఆగిపోయింది. రంగక్క వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"అడుక్కి దిగుతాడు. చెప్పు. ఎక్కువ మోతాదు పడితే?"

"నిద్ర. నిద్రలోనే ఊపిరి తగ్గిపోతాది. నిమిషానికి పద్దెనిమిది తీసేవాడు పది, ఆమీద నాలుగు. పాప ఆవగింజంత అయిపోతాది. చిన్నపిల్లలకైతే అయిదారు మాత్రలు చాలు. ఒక్కోసారి గంటలదాకా బాగానే ఉండారనిపించి, ఆమీద పడిపోతారు. అందుకే చీటీ లేనిదే ఇయ్యకూడదు."

"ఇచ్చినావా?"

సదానంద కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"కోదండరామ్ శెట్టికి. ముందు వారం రోజూ పదేసి. పోయిన ఆదివారం నూటయాభై. గొర్రెలకు పారతా ఉండాదన్నాడు."

"శెట్టికి గొర్రెలెన్ని?"

"ఒక్కటీ లే," అంది రంగక్క.

నేను మాత్రలు అడిగి, ఏమాత్రం ఆలస్యం చేయకుండా ఇరవై నూరి, ఒక గాజు గ్లాసు నీళ్లలో కలిపించాను. సదానందను షాపు మూయించి వెంటబెట్టుకున్నాను. పదకొండూ నలభైకి బజారు వీధిలో మా ఊరేగింపు బయలుదేరింది. ముందు నేను, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, పెళ్లిలో దీపం తెచ్చే ముత్తయిదువలా, తొణక్కుండా. వెనక ఏడుస్తున్న రంగక్క, చెమటలు పట్టిన సదానంద, చంకలో షెడ్డు కుండతో పళ్లు కుట్టుకునే కొల్లప్ప. స్టేషన్ చేరేసరికి పన్నెండు దాటి రెండు నిమిషాలు.

కోదండరామ్ శెట్టి అప్పటికే అక్కడున్నాడు. తెల్లచొక్కా, నుదుట నామం, సాక్షి సంతకానికి వచ్చాడు. సదానందను చూసి కళ్లు దించుకున్నాడు. గ్లాసు ఈరయ్య బల్ల మీద పెట్టాను. పైన తేట నీళ్లు. అడుగున గోరంత మందం తెల్లటి మడ్డి.

"ఈ గ్లాసే మీ కుండ అనుకోండి. పైన తేటలో కాపలావాడు కరిగి ఉన్నాడు. పదిమందీ తాగింది వాణ్ణి. అందుకే నోర్లెండాయి, కళ్లు మసకబారాయి, ఎవరూ చావలేదు. అడుగున ఉన్నది నల్లమందు చుట్టం. దాన్ని మొత్తం ఒక్కడే తాగాడు, మేస్త్రి వంతు కాబట్టి. పాప ఆవగింజంత అయింది, మీరు చూసింది నిజమే. కానీ పురుగుమందైతే పాప ఒక్కటే చిన్నది కాదు. నోట్లో నురగ, చొంగ, ఒళ్లంతా చెమట. చిన్నరంగప్పను మీ జీపులోనే తెచ్చారు కదా. సీటు తడిసిందా?"

అబద్ధం ఆడడం ఈరయ్యకు రాదు, ఆ సంగతి నాకు ముందే తెలుసు.

"తడవలే," అన్నాడు.

"వాసన?"

"లే."

"అంటే లోటా కడగడం నేరం కాదు. ఓబక్కను వదలండి."

ఈరయ్య నిదానంగా కుర్చీలో వెనక్కి వాలాడు. మీసం కింద నవ్వు పుట్టింది.

"భలే చెప్పినావప్పా. విషం కుండలో ఉండాది. ఒప్పుకున్నా. ఆ కుండలో మజ్జిగ చిలికింది ఎవురు? ఓబక్క. ఉప్పేసింది? ఓబక్క. షెడ్డుకు మోసింది? ఓబక్క. పైది అందరికీ పోసి, అడుగుది మేస్త్రికి పోసింది ఎవురు?" కొల్లప్ప చంకలోని కుండ తీసి బల్ల మీద పెట్టాడు. "నా దగ్గిర ఒక్క లోటానే ఉండె. నువ్వు కుండ గూడా తెచ్చి ఆమె నెత్తిన పెట్టినావు. థాంక్సు."

కాగితం మీద "లోటా" కొట్టేసి "కుండ" అని రాసుకున్నాడు.

పెనం మీద కాలుతున్న మనిషిని పొయ్యిలోకి తోసింది నేనే. "మాత్రలు కొన్నది శెట్టి," అన్నాను.

"గొర్రెలకు కొన్నా. గొర్రెలు మా బామ్మర్దివి," అన్నాడు శెట్టి, చటుక్కున. "ఇంట్లో పెట్టింటే ఈమె ఎత్తుకుపోయింటాది. మజ్జిగ చిలికేదానికి మా వంటింట్లోకి వస్తాది గదా."

ఈరయ్య టోపీ పెట్టుకున్నాడు. పన్నెండూ పన్నెండు. కొల్లప్ప లాకప్పు తాళం తీయడానికి లేచాడు. నాకు మిగిలింది నోరొక్కటే.

"ఈరయ్యా, కోపంతో ఒక మనిషిని చంపేవాళ్లు ఆ మనిషిని వెతుక్కుంటారు. ఈ కుండ మనిషిని వెతకదు. చిన్నరంగప్ప కాకపోతే ఆ చోట కూర్చున్న ఇంకొకడు చచ్చేవాడు. ఎవడు మేస్త్రి అయితే వాడికే ఆ అడుగు."

ఊచల వెనక కదలిక వినబడింది. ఓబక్క లేచి నిలబడింది.

"ఏమంటివి సామీ?" నిన్నటి నుంచి మాట్లాడని గొంతు, బొంగురుగా. "ఇంకోతూరి చెప్పు."

"ఎవరు మేస్త్రి అయితే వాళ్లే చస్తారు అన్నాను."

"ఓబక్కా!" అన్నాడు శెట్టి.

"నువ్వు నోరు మూయి!" ఊచలు గలగలలాడాయి. "సామీ, పొడి కలిపింది నేనే. శెట్టి పొట్లం కట్టి ఇచ్చినాడు. కడుపు కట్టే పొడి, అందరికీ మేలంటే ముందు వారం దినాలు కలిపినా. సోమవారం పొట్లం పెద్దది ఇచ్చినాడు. మేస్త్రి సచ్చిపాయె. నేనే సంపినానని బయపడితి. శెట్టి వచ్చి, పొడి మాట ఎత్తితే నిన్నే ఉరి తీస్తారు, ఊరుకో, లాయర్ని పెడతా, మీ ఇంటాయనకు మేస్త్రి పని ఇస్తా అన్నాడు. ఇచ్చినాడు. ఈడ సీలేసినారని పని రాయచెర్లు షెడ్డుకు మార్చినారు. ఆడ ఇప్పుడు మేస్త్రి మా బైలప్పే సామీ!"

నేను శెట్టి చొక్కా పట్టుకున్నాను. ఈరయ్య ఆపలేదు.

"నూటయాభై ఎందుకు? పదిమందికి పది చాలదా?"

"చాలలే. తలుపు తీసేది నిలబడలే." శెట్టి నామం చెమటకు కారుతోంది. "పది మంది, దినానికి మూడు పూటలు, అయిదు దినాలు. నూటయాభై. దినామూ కలిపే బదులు ఒక్కతూరే ఇస్తే సరిపోతాదనుకుంటి. ఇత్తనానికి మందు పట్టించేది అట్లే గదా. ఒక్కతూరి పట్టిస్తే పంటంతా కాపాడతాది. మనిషికీ అంతే అనుకుంటి సార్."

"మేస్త్రి చచ్చినాక కూడా?"

"పురుగుమందని మీరే గదా సార్ చెప్పినారు!" ఈరయ్య వైపు తిరిగాడు. "మహజరులో రాసినారు, నేనే సంతకం పెడితి. అయితే పొడిది తప్పేమీ లేదనుకుంటి."

ఈరయ్య ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను.

నేను వేళ్లు మడిచాను. మంగళ, బుధ, గురు, శుక్ర. సోమవారంతో కలిపి అయిదు.

"అయిదు రోజులు నిన్నటికి అయిపోయాయి శెట్టీ. ఈరోజు?"

శెట్టి గోడకు ఆనుకున్నాడు.

"ఈరోజు పంపినావా?"

"పొద్దున... ఇంకో నూటయాభై పొట్లం పంపినా, హిందూపురంలో తెప్పించి."

పన్నెండూ పద్దెనిమిది. రాయచెర్లు షెడ్డుకు ఫోను లేదు. జీపులో దగ్గర దగ్గర నలభై నిమిషాలు. ఒంటిగంటకు మజ్జిగ. ఈరయ్య కాగితం చింపలేదు, మడవలేదు, వదిలేశాడంతే, అది నేల మీద పడింది. "కొల్లప్పా, బండి తియ్యి! ఆమెను వదులు, ఆమె గూడా రానీ! శెట్టిని ఎక్కించు, ఆ షెడ్డు తాళం ఈయప్ప దగ్గరే ఉంటాది!"

జీపు బస్టాండు దాటుతుంటే నేను లెక్క వేస్తున్నాను. దారి బాగుంటే ఒంటిగంటకు మూడు నిమిషాల ముందే చేరతాం. కుండ కదిలించి ఉండకపోతే, బైలప్ప ఆఖరున తాగేవాడైతే, ఆ మూడు నిమిషాలు చాలు.

"సార్," అన్నాడు శెట్టి, వెనక సీట్లోంచి, చాలా చిన్న గొంతుతో. "ఈ పొద్దు మబ్బు పట్టినాది. వాన వస్తే ఇత్తనానికి జనం వస్తారని... మజ్జిగ పన్నెండుకే పోసెయ్యమని చెప్పినా."

ఈరయ్య స్వయంగా బండి నడిపే కొల్లప్ప కాలు మీద కాలేసి యాక్సిలేటర్ తొక్కాడు. పన్నెండుకు తాగితే రెండింటికి నిద్ర. నిద్రలోకి జారకుండా పట్టుకుంటే, నడిపిస్తూ ఉంటే, ఆస్పత్రి దాకా ఊపిరి నిలబెట్టగలిగితే... అక్కడున్న ఆడవాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. మేస్త్రి తూగితే వాళ్లు సంతోషిస్తారు. గిల్లుకుని నవ్వుకుంటారు.

ఓబక్క ముందు సీటు కమ్మీని అరిగిన గోళ్లతో పట్టుకుని, రోడ్డు వైపు ముందుకు వంగింది.

"జోరుగా పోనీ సామీ," అంది. "మా ఇంటాయనది మొద్దు నిద్దర. నేను పిలిస్తే తప్ప లేవడు."